కడప ఎండల్లో మా యూపీఎస్: నాకు నచ్చింది ఆ ‘టక్’ శబ్దం

యూపీఎస్ (కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె) కొనబోయే వాళ్లెవరైనా మొదట అడిగేది ‘బ్యాకప్ ఎన్ని నిమిషాలు వస్తుంది?’ అనే. కొన్ని వేసవులు వాడాక నా లెక్కలో అది రెండో ప్రశ్న. కరెంటు ఉన్నప్పుడు ఈ పెట్టె చేసే పని చూసే నాకు దీని మీద ఇంత ఇష్టం ఏర్పడింది.

చిన్న చిన్న దుకాణాల లెక్కలు ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం, వాళ్ల జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టడం నా పని. ఇంట్లోనే, పాత డెస్క్‌టాప్ మీద. మాది ఎర్రముక్కపల్లె వైపు ఇరుకు వీధి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఏడు దాటిందంటే వీధిలో ఏసీలన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి, వాటికి తోడు నీళ్ల మోటార్లు. అప్పట్లో ఆ వేళకు ఫ్యాను తిరిగేదే గానీ గాలి వచ్చేది కాదు. 230 వోల్టులు రావాల్సిన చోట 170 దగ్గర ఊగుతూ ఉండేది. యూపీఎస్ లేని రోజుల్లో సరిగ్గా ఆ సమయానికే కంప్యూటర్ చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అయ్యేది.

యూపీఎస్ వచ్చాక అదే సమయానికి టేబుల్ కింద నుంచి ‘టక్’ మని చిన్న శబ్దం వచ్చేది. అంతే. స్క్రీన్ కదిలేది కాదు, ఎక్కిస్తున్న వోచర్ ఆగేది కాదు. లోపల రిలే (తనంతట తానే మారే స్విచ్) మారి, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని ఒక మెట్టు పైకి లేపి కంప్యూటర్‌కు పంపుతుంది. దీన్నే ఏవీఆర్ (ఆటోమేటిక్ వోల్టేజ్ రెగ్యులేటర్) అంటారు. నా దాని మీద 145 నుంచి 290 వోల్టుల దాకా అని రాసి ఉంది. ఆ హద్దుల్లో ఉన్నంతసేపూ బ్యాటరీ జోలికి పోదు. పనిచేసుకునే మనిషికి ఇంతకంటే ఏం కావాలి!

‘ఇంట్లో ఇన్వర్టర్ పెట్టుకుని మళ్లీ ఇదెందుకు?’ అని మా ఆయన మొదట్లో అడిగారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అదే మాట. ఇన్వర్టర్ వెనక ఒక స్విచ్ ఉంటుంది చూడండి, నార్మల్ మోడ్, యూపీఎస్ మోడ్ అని. నార్మల్‌లో పెడితే లైన్ నుంచి బ్యాటరీకి మారేలోపు ఫ్యానుకు తెలియదు గానీ కంప్యూటర్ ఆగిపోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో పెడితే మారడం వేగంగానే జరుగుతుంది, కానీ అందులో తక్కువ వోల్టేజిని ఒప్పుకోదు. సుమారు 180కి దిగగానే లైన్ వదిలేసి బ్యాటరీ మీదికి పోతుంది. మా వీధిలో అయితే కరెంటు ఉండగానే ప్రతి సాయంత్రం ఇన్వర్టర్ బ్యాటరీ ఖాళీ అవుతూ కూర్చునేది. రాత్రి నిజంగా కరెంటు పోయాక ఫ్యాను తిరగదు. అందుకే ఇన్వర్టర్‌ను నార్మల్‌లో ఉంచి, కంప్యూటర్‌కు విడిగా ఈ 600 వీఏ (360 వాట్లు మోసే) పెట్టె పెట్టుకున్నాం. మా ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది (లైన్ కరెంటులాగే నున్నటి అల ఇచ్చేది) కాబట్టి దాని నుంచి వచ్చే కరెంటును కూడా ఇది బాగానే తీసుకోగలదు, అయినా దీన్ని నేరుగా కరెంటు లైనుకే తగిలించాం. పాతకాలం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఈ జత కుదరకపోవచ్చు. ఆ కరెంటును చాలా యూపీఎస్‌లు కరెంటుగానే లెక్కపెట్టవు, బ్యాటరీ మీదే నడుస్తాయి.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. పోయిన మే నెల 20వ తేదీ సాయంత్రం. జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్ను వేయడానికి అదే చివరి తేదీ, వేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక హార్డ్‌వేర్ దుకాణం కొనుగోలు బిల్లులు ఇంకా ఎక్కిస్తూనే ఉన్నాను. పగలంతా ఎండ మాడ్చేసి, చీకటి పడే వేళకు గాలివాన లేచింది. కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి బీప్ మని, రెండో బీప్ లేకుండానే ఆరిపోయింది. దాంతోపాటే కంప్యూటర్. అంతకుముందు వేసవిలో పావుగంట నిలబడిన పెట్టె ఇది. కరెంటు వచ్చేదాకా నా టెన్షన్ అంతా ఇంతా కాదు. వచ్చాక తెరిస్తే ట్యాలీ కంపెనీ ఫైలు తెరుచుకోలేదు. రిపేర్ చేయించి, చివరి కొన్ని బిల్లులు మళ్లీ ఎక్కించి, రాత్రి పన్నెండు లోపు రిటర్ను వేయగలిగాను.

మర్నాడు పెట్టెను ఏడురోడ్ల దగ్గరి ఒక బ్యాటరీ దుకాణానికి తీసుకుపోయాను. కుర్రవాడు నాలుగు స్క్రూలు తీసి మూత ఎత్తాడు. బ్యాటరీ పక్కలు రెండూ బయటికి ఉబ్బి, ప్లాస్టిక్ చట్రంలో బిగుసుకుపోయాయి. లాగితే రాదు. ‘ఈ ఎండలకు అన్నీ ఇట్లే అయితాండాయి అక్కా, పొద్దున్నుంచి ఇది నాలుగోది’ అంటూ చట్రాన్ని స్క్రూడ్రైవర్‌తో కాస్త విడదీసి బయటికి తీశాడు. మీటరు పెట్టి చూస్తే 12 వోల్టులు దాటే చూపించింది. ‘బాగానే ఉందే!’ అన్నాను. ‘ఉండక్కా’ అని పాత బండి హెడ్‌లైటు బల్బు ఒకటి దానికి తగిలించాడు. బల్బు ఎర్రగా మిణికింది, మీటరు 8కి జారిపోయింది. బ్యాటరీని ఊరికే మీటరుతో చూసి బాగుందనుకోకూడదని, బరువు మోయించి చూడాలని అప్పుడు కళ్లారా చూశాను.

ఈ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలకు నచ్చేది 25 డిగ్రీల దగ్గరి వాతావరణం. ఆపైన సుమారు పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని లెక్క. కడపలో మే నెలంటే 43, 44 మామూలే. మా యూపీఎస్ ఉండేది టేబుల్ కింద, పడమటి గోడకు ఆనుకుని. ఆ గోడ రాత్రి తొమ్మిదింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. పైగా ప్లగ్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీకి ఛార్జింగ్ అందుతూనే ఉంటుంది. ఇప్పుడు పెట్టెను తూర్పు వైపు, కింద పరిచిన కడప బండ మీదే పెట్టాను. చుట్టూ గాలి ఆడేంత చోటు వదిలాను.

నిజంగా సంతోషించిన విషయం ఆ దుకాణంలోనే జరిగింది. లోపల ఉన్నది ఎక్కడపడితే అక్కడ దొరికే 12 వోల్టుల, 7 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీ. కంపెనీ సర్వీసు సెంటరుకు పంపడాలు, వారాల తరబడి ఎదురుచూడటాలు లేవు. పాతది వెనక్కి తీసుకుని ధరలో కొంత తగ్గించారు. కొత్త యూపీఎస్ ధరతో పోలిస్తే అయిన ఖర్చు చాలా తక్కువ. కొనేటప్పుడు బ్యాటరీ మీద తయారైన నెల చూడండి. అరలో నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా పడి ఉన్నది కొత్తదైనా కొత్తది కాదు. ఎరుపు తీగ ప్లస్‌కే తగిలించారో లేదో కూడా పక్కనే నిలబడి చూసుకోండి.

అప్పటినుంచి నెలకోసారి, ముఖ్యమైన పనేదీ తెరిచి లేనప్పుడు, గోడ స్విచ్ ఆపి ఎంతసేపు నిలబడుతుందో చూస్తున్నాను. లేజర్ ప్రింటర్‌ను మాత్రం దీనికి ఎప్పుడూ తగిలించలేదు. అందులోని హీటరు ఒక్కసారిగా గుంజే కరెంటును 360 వాట్ల పెట్టె మోయలేదు. ఫైబర్ రౌటర్‌ను తగిలించాను. కంప్యూటర్ మూసేసి రౌటర్ ఒక్కటే వదిలితే గంట పైనే ఇంటర్నెట్ నడుస్తుంది, పిల్లల చదువుకు అది పెద్ద ఊరట.

బీప్ గురించి చెప్పకుండా ఉండలేను. కరెంటు పోయిన ప్రతిసారీ ఆగకుండా మొత్తుకుంటుంది, నా మోడల్‌లో దాన్ని ఆపే బటన్ లేదు. రాత్రి రెండింటికి కరెంటు పోతే మా అత్తమ్మ లేచి కూర్చుంటుంది. యూఎస్‌బీ పోర్టు లేకపోవడం అంతకంటే పెద్ద లోటు. అది ఉన్న చాలా మోడళ్లలో ల్యాప్‌టాప్‌లాగే విండోస్‌కు బ్యాటరీ ఎంత ఉందో తెలుస్తుంది, మనం వంటింట్లో ఉన్నా కంప్యూటర్ తనంతట తానే హైబర్నేట్ అవుతుంది, అంటే తెరిచి ఉన్న పనిని దాచుకుని ఆరిపోతుంది.

ఏవీఆర్‌ను అంతగా మెచ్చుకున్నాను కదా, ఒక సంగతి కూడా చెప్పాలి. ఈ ఏడాది మొదట్లో మా వీధి చివర కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. అప్పటినుంచి సాయంత్రాలు వోల్టేజి 210కి తగ్గడం అరుదు. ఆ ‘టక్’ శబ్దం విని చాలా రోజులైంది. వోల్టేజి నిలకడగా ఉండే కాలనీలో నేను మురిసిపోయిన గుణం మీకు కనిపించకపోవచ్చు, అక్కడ బ్యాకప్ నిమిషాలే లెక్క. గ్రాఫిక్స్ కార్డు, కొత్త రకం పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) పవర్ సప్లై ఉన్న కంప్యూటర్లకు ఇంత చిన్న పెట్టె సరిపోతుందని నేను చెప్పలేను. వాటిలో కొన్నింటికి ఈ యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే ఉజ్జాయింపు సైన్ వేవ్ పడదు. ల్యాప్‌టాప్ మీదే పని నడిచేవాళ్లకు ఇది అసలు అక్కర్లేదు, రౌటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ ఒకటి చాలు.

నాలాగా పాత డెస్క్‌టాప్, తేదీల పని, ఊగే వోల్టేజి మూడూ ఉన్నవాళ్లు మాత్రం కొనండి. అయితే మార్చి దాటకముందే ఒకసారి మూత తీయించి బ్యాటరీ పక్కలు చూపించుకోండి. నాది పాడైతే నేను మళ్లీ ఈ రకమే తీసుకుంటాను, కాకపోతే యూఎస్‌బీ పోర్టు, బీప్ ఆపే బటన్ ఉన్నది చూసి.