ఇంట్లో పాట రికార్డింగ్‌కి ఏది మేలు: కండెన్సర్ మైకా, డైనమిక్ మైకా, యూఎస్‌బీ మైకా?

"ఇంట్లో పాడి రికార్డ్ చేసుకుందామనుకుంటున్నా, ఏ మైకు కొనమంటారు?" అని ఎవరడిగినా నేను ముందు గది గురించే అడుగుతాను. ఫ్యాన్ ఆపి, తలుపులు కిటికీలు మూసి, ఒక్క నిమిషం కదలకుండా కూర్చుంటే ఏమేం వినిపిస్తున్నాయి? పక్కింటి కుక్కర్ విజిల్, అపార్ట్‌మెంట్ నీళ్ళ మోటారు, వీధిలో పాత సామాన్లు కొనేవాడి స్పీకరు, ఇవన్నీ వినిపిస్తుంటే ఒక జవాబు. గోడ గడియారం తప్ప ఏమీ వినిపించకపోతే ఇంకో జవాబు. తర్వాత గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. ఆ శబ్దం అక్కడికక్కడే ఆగిపోతే అదృష్టవంతులు. 'ట్రింగ్' అంటూ గోడల మధ్య కాసేపు తిరిగితే మాత్రం ఎంత ఖరీదైన మైకు తెచ్చినా అది మీ గొంతుతో పాటు ఆ ట్రింగుని కూడా అంతే శ్రద్ధగా రికార్డ్ చేస్తుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, యూట్యూబులో మనం చూసే మైకు రివ్యూలు చాలావరకు అమెరికా ఇళ్ళల్లో, చెక్క ఫ్రేముకి కొట్టిన జిప్సమ్ గోడలు, కింద కార్పెట్ ఉన్న గదుల్లో తీసినవి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళకి ఆ సలహాలు బాగానే పనికొస్తాయి. విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో సిమెంటు గోడలు, విట్రిఫైడ్ టైల్స్, పది బై పది గది, నెత్తిన సీలింగ్ ఫ్యాన్ ఉన్నవాళ్ళకి అవే సలహాలు తేడా కొడతాయి. అక్కడ అద్భుతంగా వినిపించిన కండెన్సర్ మైకు ఇక్కడ బాత్‌రూమ్‌లో పాడినట్టు వినిపిస్తుంది.

సరే, మన ముందున్న దారులు చూద్దాం. ఒకటి యూఎస్‌బీ మైకు, వైరు నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టేస్తే పని మొదలు. రెండోది ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మనవాళ్ళు సౌండ్ కార్డ్ అనేది, మైకు సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే చిన్న డబ్బా, దానికి ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల వైరుతో తగిలించే కండెన్సర్ మైకు. మూడోది అదే ఇంటర్‌ఫేస్‌కి డైనమిక్ మైకు. ఫోనులో రికార్డ్ చేసుకోవడం నాలుగోది, సాధన చేసుకుని తప్పులు వినడానికి అది చాలు, అందుకు డబ్బు ఖర్చుపెట్టక్కర్లేదు.

అసలు గొడవంతా రెండు, మూడు మధ్యనే. ఆడియో టెక్నికా ఏటీ2020ని కండెన్సర్‌కి, షూర్ ఎస్ఎమ్58ని డైనమిక్‌కి ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే రెండూ ధరలో ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి, రెండూ చాలా ఏళ్ళుగా జనం వాడి చూసినవే. ఎస్ఎమ్58 అయితే 1966 నుంచి వస్తోంది, మన ఊళ్ళో ఏ స్టేజీ ప్రోగ్రాముకి వెళ్ళినా పాడేవాళ్ళ చేతిలో అదో, దాన్ని చూసి చేసిన ఇంకోటో ఉంటుంది. డైనమిక్ మైకులో పల్చటి పొరకి సన్నటి తీగ చుట్ట అతికించి ఉంటుంది, అది అయస్కాంతం మధ్య కదిలితే కరెంటు పుడుతుంది, కాబట్టి బయటి నుంచి పవర్ అక్కర్లేదు. ఆ తీగ బరువు వల్ల బాగా సన్నటి, వేగమైన శబ్దాలకి పొర అంత చురుగ్గా కదలదు, అందుకే 58 రేంజి 15,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కండెన్సర్‌లో ఆ బరువు లేదు, 20,000 దాకా వెళ్తుంది, కానీ దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోనే వచ్చే కరెంటు, కావాలి. సెన్సిటివిటీలో, అంటే ఒకే శబ్దానికి మైకు ఎంత సిగ్నల్ ఇస్తుందన్న దాంట్లో కూడా తేడా పెద్దదే (కొలత డెసిబెల్, పొట్టిగా డీబీ): ఏటీ2020ది మైనస్ 37 డీబీ, 58ది మైనస్ 54.5. అంటే ఒకే గొంతుకి 58 దాదాపు 17 డీబీ తక్కువ సిగ్నల్ ఇస్తుంది, ఆ లోటుని ఇంటర్‌ఫేస్‌లో గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే నాబ్, తిప్పి పూడ్చుకోవాలి.

ఇక్కడే అందరూ ఒక మాట అంటారు, "డైనమిక్ మైకు గది చప్పుడు పట్టదు, కండెన్సర్ అన్నీ పట్టేస్తుంది" అని. ఇది సగమే నిజం. తక్కువ సిగ్నల్ ఇచ్చే మైకుకి మీరు గెయిన్ పెంచితే దాంతోపాటు ఫ్యాన్ మోత కూడా పెరుగుతుంది కదా! రెండూ కార్డియాయిడ్ మైకులే, అంటే ముందు నుంచి వచ్చేది ఎక్కువ, వెనక నుంచి వచ్చేది తక్కువ తీసుకునేవి. రెండిటినీ నోటికి ఒకే దూరంలో పెట్టి ఒకే లెవెల్‌కి తెస్తే గది శబ్దంలో మీరనుకున్నంత తేడా ఉండదు. తేడా అంతా మనం వాడే దూరంలో ఉంది. 58ని పెదవులకి రెండు మూడు అంగుళాల్లో పెట్టి పాడతాం, కండెన్సర్‌ని అడుగు దూరంలో పెడతాం. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డీబీ తగ్గుతుంది, గదిలో తిరిగే చప్పుడు మాత్రం ఎక్కడైనా దాదాపు అంతే ఉంటుంది. మూడు అంగుళాల నుంచి పన్నెండు అంగుళాలకి వెళ్ళారంటే గొంతుకీ గదికీ మధ్య 12 డీబీ పోగొట్టుకున్నట్టే. దీన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఏ ప్లగిన్ (శబ్దాన్ని సరిచేసే చిన్న ప్రోగ్రాము) పెట్టినా మర్యాదగా వెనక్కి తేలేరు, నాయిస్ రిమూవల్ ఎక్కువ లాగితే గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు అవుతుంది.

మరి కండెన్సర్‌నే మూడు అంగుళాల్లో పెట్టి పాడొచ్చు కదా అంటారేమో. పాడొచ్చు, ఎవరూ ఆపరు. కాకపోతే మన పాటల్లో ప, ఫ, భ, ధ లాంటివి వచ్చినప్పుడల్లా గాలి దెబ్బకి 'ఢబ్' అని కొడుతుంది, ఆ గాలిని ఆపే పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే జాలీ తెర) తప్పనిసరి, పెదవుల తడి చప్పుడు, ఊపిరి తీసుకోవడం, అన్నీ కొట్టొచ్చినట్టు బయటపడతాయి. కార్డియాయిడ్ మైకు ఏదైనా దగ్గరికి వెళ్తే బేస్ పెరుగుతుంది, దాన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. 58ని దగ్గర పెట్టుకుని పాడటానికే తయారు చేశారు కాబట్టి అందులో కింది శబ్దాలు ముందే కాస్త తగ్గించి ఉంటాయి, జాలీ లోపల స్పాంజి కూడా ఉంటుంది. అందుకే నా తీర్పు ఏంటంటే, మామూలు ఫ్లాట్‌లో, ఏ ఏర్పాటూ లేని గదిలో, సినిమా పాటల కవర్లు, లలిత గీతాలు, భజనలు పాడి పెట్టుకునేవాళ్ళకి డైనమిక్ మైకే మేలు. పైశబ్దాల్లో ఆ మెరుపు కొంచెం తక్కువుంటే ఈక్యూలో, అంటే సాఫ్ట్‌వేర్‌లో బేస్, ట్రెబుల్ సర్దుకునే చోట, రెండు మూడు డీబీ లేపుకోండి, గది ఎకో తీయడం కంటే అది చాలా తేలిక.

వాయిద్యాల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. వీణని రెండు అంగుళాల దగ్గర నుంచి రికార్డ్ చేస్తే మీటు చప్పుడు, తీగ మీద వేలు జారే గీరుడు తప్ప వీణ వినిపించదు. కుండకి అడుగు, అడుగున్నర దూరంలో పెడితేనే నాదం మొత్తంగా వస్తుంది, గమకం లాగినప్పుడు చివర్లో మిగిలే సన్నటి ధ్వని కూడా వస్తుంది. ఆ దూరంలో డైనమిక్ పెడితే గెయిన్ చివరిదాకా తిప్పాలి, చవక ఇంటర్‌ఫేస్ అయితే బుస్సుమని దాని సొంత నాయిస్ మొదలవుతుంది. వీణ, వయొలిన్, ఫ్లూట్, గిటార్ వాయించేవాళ్ళు కండెన్సరే తీసుకోండి, రాత్రి పదకొండు దాటాక రికార్డ్ చేసుకోండి. మైకు సొంత నాయిస్ కూడా ఇలాంటి చోటే లెక్కలోకి వస్తుంది: ఏటీ2020ది 20 డీబీ, రోడ్ ఎన్‌టీ1ది 4 డీబీ. ఫ్యాన్ తిరిగే గదిలో ఈ తేడా ఎవరికీ వినిపించదు, ఆ 4 డీబీ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం వృథా. మృదంగం, తబలా అంటే శబ్దం బాగానే ఉంటుంది కాబట్టి డైనమిక్ చాలు, కానీ రెండు వైపులా రెండు మైకులు కావాలి, ఈ సంగతి ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడే గుర్తుండాలి.

పాడ్‌కాస్టుల్లో అందరి ముందూ కనిపించే షూర్ ఎస్ఎమ్7బీ మీద మనసుపడేవాళ్ళకి ఒక మాట. దాని సెన్సిటివిటీ మైనస్ 59, కనీసం 60 డీబీ గెయిన్ కావాలని కంపెనీయే చెప్తుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ మూడో తరం ఇంటర్‌ఫేస్‌లలో ఉన్నది 56. నాలుగో తరం 2ఐ2లో 69 ఉంది కాబట్టి దాంతో సరిపోతుంది, అంత గెయిన్ లేని ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్ళు మధ్యలో ఇంకో బూస్టర్ డబ్బా కొనాలి. మొదటి మైకుగా నేనైతే వద్దంటాను.

యూఎస్‌బీ మైకులని చాలామంది తీసిపారేస్తారు, నాకది అన్యాయం అనిపిస్తుంది. ఒక్కరే మాట్లాడటం, ఆడియో కథలు చదవడం, ఆన్‌లైన్ సంగీతం క్లాసులు, వీటికి యూఎస్‌బీ మైకు హాయి, వైర్లు తక్కువ, టెన్షన్ తక్కువ. చిక్కెక్కడంటే, రేపు మీ అమ్మాయి పాడుతుంటే మీరు హార్మోనియం వాయిస్తానంటే విండోస్‌లో రెండు యూఎస్‌బీ మైకులు ఒకేసారి నడపడం పెద్ద తలనొప్పి. మైకుకున్న యూఎస్‌బీ సాకెట్ వదులైపోతే మైకే మూలన పడుతుంది. పైగా ఇవి చాలావరకు కండెన్సర్లే, కాబట్టి పైన చెప్పిన గది బాధలన్నీ వీటికీ ఉంటాయి. మధ్యేమార్గం కావాలంటే యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉన్న డైనమిక్ మైకులు దొరుకుతాయి: శామ్సన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్, కాస్త పై స్థాయిలో షూర్ ఎమ్‌వీ7. ఇవాళ ల్యాప్‌టాప్‌కి పెట్టి వాడుకుని, తర్వాత ఇంటర్‌ఫేస్ కొన్నప్పుడు అదే మైకుని అటు మార్చుకోవచ్చు. ఇంకా ఏం చేస్తారో తేల్చుకోనివాళ్ళకి నేను ముందు చెప్పేది ఇవే. బీఎమ్-800 అని స్టాండు, ఫిల్టరు, స్పాంజి అన్నీ కలిపి చవగ్గా అమ్మే సెట్లు మాత్రం వద్దు, నేరుగా ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ రంధ్రంలో పెడితే పాట కంటే బుస ఎక్కువ వస్తుంది.

ఇంటర్‌ఫేస్‌లో ఒక మైకు ఇన్‌పుట్టా, రెండా అంటే రెండే. బెహ్రింగర్ యూఎమ్2 చవకే, కానీ 16 బిట్ దగ్గర ఆగుతుంది (బిట్లు ఎక్కువైతే చిన్న శబ్దాలు కూడా శుభ్రంగా నమోదవుతాయి), మైకు ఇన్‌పుట్ ఒక్కటే. అదే కంపెనీ యూఎమ్‌సీ202హెచ్‌డీలో 24 బిట్, రెండు మైకు ఇన్‌పుట్లు ఉన్నాయి. 24 బిట్ ఎందుకంటే అప్పుడు భయపడి గెయిన్ ఎక్కువ పెట్టక్కర్లేదు, మీరు గట్టిగా పాడే చోట మీటరు మైనస్ 10, మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా పెట్టుకుంటే చాలు, తారస్థాయికి వెళ్ళినప్పుడు శబ్దం పగలదు. శాంపిల్ రేటు, అంటే సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తుందన్నది, వీడియో కోసమైతే 48 కిలోహెర్ట్జ్, ఉత్త ఆడియోకి 44.1, అంతకు పైన పెట్టి హార్డ్ డిస్క్ నింపుకోవద్దు.

ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ అనే బటన్, అంటే మీ గొంతుని కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి ఇచ్చేది, ఉందో లేదో తప్పకుండా చూడండి. మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి మళ్ళీ హెడ్‌ఫోన్‌లోకి రావాలంటే, 512 శాంపిళ్ళ బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగేసుకునే చోటు) మీద వెళ్ళడానికి దాదాపు 12 మిల్లీసెకన్లు, రావడానికి ఇంకో 12, అంతకు మించి కూడా పడుతుంది. ఆ కాస్త ఆలస్యానికే తాళం తూలిపోతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ అయితే అసలు తలుచుకోకండి. చెవుల్ని పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్స్ తీసుకోండి, ఏటీహెచ్-ఎమ్20ఎక్స్ లాంటివి చాలు, డబ్బుంటే సోనీ ఎమ్‌డీఆర్-7506. కర్ణాటక సంగీతం పాడేవాళ్ళు తంబుర శ్రుతిని గదిలో మోగించకుండా హెడ్‌ఫోన్‌లోనే వినండి. లేకపోతే ప్రతి టేకులోనూ శ్రుతి అతుక్కుపోయి ఉంటుంది, రెండు టేకులు కత్తిరించి అతికిస్తే ఆ అతుకు దగ్గర తంబుర గెంతుతుంది.

గది విషయంలో గోడకి అతికించే ఫోమ్ ముక్కల ప్రకటనలు చూసి మోసపోకండి. అంగుళం మందం ఫోమ్ పైశబ్దాలని మాత్రమే తింటుంది, కింది శబ్దాల హోరు అలాగే ఉండి పాట ఇంకా మబ్బుగా తయారవుతుంది. బొంతలు, పరుపు, దుప్పట్లు మడిచి మందంగా వేలాడదీస్తే అంతకంటే నయం. వాటిని ఎక్కడ వేలాడదీయాలి? చాలామంది మైకు వెనక కడతారు. కార్డియాయిడ్ మైకు చూసేది మీ ముఖం వైపు, మీ వెనకున్న గోడ వైపు, కాబట్టి మొట్టమొదటి బొంత ఉండాల్సింది మీ వీపు వెనక. బట్టలున్న చెక్క కబోర్డు తలుపులు తెరిచి దానికి వీపు పెట్టి పాడినా బాగుంటుంది. స్టీలు బీరువా పక్కన వద్దు, కొన్ని స్వరాలకి అదీ పాడుతుంది. పది బై పది గదిలో సరిగ్గా నడిమధ్య కూడా వద్దు, రెండు వైపులా గోడల దూరం సమానం కాబట్టి 56 హెర్ట్జ్ దగ్గర్లో శబ్దం బాగా తగ్గిపోతుంది, 113 దగ్గర్లో శబ్దాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, మగవాళ్ళ మంద్ర స్థాయి అక్కడే ఉంటుంది.

రికార్డింగ్‌లో హమ్, అంటే కరెంటు గుర్రుమనే మోత, వస్తే మైకుని తిట్టేముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందా అన్నది ఎలక్ట్రీషియన్‌ని అడగాల్సిందే. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (మోత తెచ్చే చవక రకం) మీద ఉన్నప్పుడు రికార్డింగ్ పెట్టుకోకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో కండెన్సర్‌ని స్టాండు మీద వదిలేయకుండా సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో దాచాలి, తేమకి చిటపటలాడుతుంది. 58కి ఈ బాధ పెద్దగా లేదు. దానికున్న బాధ నకిలీలు, కాబట్టి అధీకృత డీలర్ దగ్గరే కొనండి, అసలుది 298 గ్రాములు ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌కి ముందే డబ్బు పెట్టక్కర్లేదు, మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, విండోస్ వాళ్ళు రీపర్‌ని 60 రోజులు వాడి చూసి తర్వాత కొనుక్కోవచ్చు. మిగిలిన డబ్బు స్టాండు మీద పెట్టండి, కింద బరువున్నది, బిగిస్తే జారనిది. చవక స్టాండు మీద కండెన్సర్ పెట్టి దాని అడ్డ కడ్డీని చాపితే ముందుకి వాలిపోతుంది, టైల్స్ మీద పిల్లలు పరుగెత్తిన ప్రతి అడుగూ దాని గుండా రికార్డింగ్‌లోకి ఎక్కుతుంది. మంచి స్టాండు దొరికేదాకా ఉన్న స్టాండు కాళ్ళ కింద పాత డోర్ మ్యాట్ ఒకటి మడిచి వేసుకోండి.