డెబ్ ఫైల్: జాబితా చూస్తే చాలా, విప్పి చూడాలా?

బయటి సైట్ నుంచి డెబ్ ఫైల్, అంటే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ, దించుకున్నారు. ఇన్‌స్టాల్ చేసే ముందు లోపలేముందో చూడటానికి డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో రెండు దారులున్నాయి.

మొదటిది డీపీకేజీ అనే ప్యాకేజీల కమాండ్‌కు మైనస్ సీ ఇచ్చి జాబితా చూడటం. క్షణాల్లో అయిపోతుంది. ఏ ఫైల్ ఎక్కడికి వెళ్తుందో, దాని సైజు, పర్మిషన్లు అన్నీ కనబడతాయి. పర్మిషన్లలో యజమానికి ఎక్స్ (నడిపే అనుమతి) ఉండాల్సిన చోట ఎస్ కనిపిస్తే ఆగి చూడండి. ఆ ప్రోగ్రామ్‌ను ఎవరు నడిపినా దాని యజమాని హక్కులతో, అంటే సాధారణంగా అన్ని హక్కులూ ఉండే రూట్ యూజర్‌గా, నడుస్తుంది. అలాగని ప్రతిసారీ టెన్షన్ పడక్కర్లేదు, క్రోమ్ బ్రౌజర్ రక్షణకు వాడే శాండ్‌బాక్స్ ప్రోగ్రామ్‌కూ అదే గుర్తు ఉంటుంది.

అసలు చిక్కు జాబితాకు అందనిచోట ఉంది. డెబ్ లోపల డేటా, కంట్రోల్ అని రెండు మూటలుంటాయి. మైనస్ సీ చూపేది డేటా మూటనే. ఇన్‌స్టాల్ సమయంలో రూట్‌గా నడిచే ప్రీఇన్‌స్ట్, పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టులు కంట్రోల్‌లో ఉంటాయి. క్రోమ్ ప్యాకేజీ గూగుల్ రిపోజిటరీని (ప్యాకేజీలు దొరికే చోటును) మన ఆప్ట్‌లో, అంటే ప్యాకేజీలు దించే టూల్‌లో, చేర్చేది ఇలాంటి స్క్రిప్టుతోనే.

రెండోది విప్పి చూడటం. డీపీకేజీ-డెబ్ కమాండ్‌కు మైనస్ పెద్ద ఆర్ ఇస్తే రెండూ ఒక ఫోల్డర్‌లోకి విప్పుకుంటాయి, స్క్రిప్టులేవీ నడవవు. చదవడానికి ఓపిక కావాలి, అంతే.

డెబియన్, ఉబుంటుల సొంత రిపోజిటరీ ప్యాకేజీకి జాబితా చాలు. బయటిదైతే నేను పోస్ట్‌ఇన్‌స్ట్ చదవకుండా ఇన్‌స్టాల్ చేయను.