300 రూపాయల తగ్గింపు చూసి కిరాణా తెప్పించుకునేవారు వాపసు షరతు ముందే చదవండి

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల ఉంటూ నెలవారీ సరుకులు ఫోన్ యాప్‌లలో తెప్పించుకునే తెలుగు కుటుంబాలవారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. "2,500 రూపాయలు దాటిన బిల్లుపై 300 తగ్గింపు" అన్న ఒక యాప్ ఆఫర్‌ను పోయిన నెల మొదటివారంలో మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. నా మాట మీద నాలుగు ఇళ్లవారు అక్కడే సరుకులు తెప్పించుకున్నారు. అందుకే ఆ తర్వాత మాకు జరిగినది కూడా నేనే చెప్పాలి.

ఆ నెలకు మాకు కావలసినవి సోనా మసూరి బియ్యం, కందిపప్పు, సన్‌ఫ్లవర్ నూనె, చింతపండు, ఎండుమిరపకాయలు వంటి మామూలు వెచ్చాలే. యాప్ ధరల ప్రకారం వాటికి 2,200 రూపాయలు అయింది. తగ్గింపు అందాలంటే ఇంకో 300 కావాలి. తెర పైభాగంలో ఆఫర్ ముగియడానికి పది నిమిషాలే ఉందని గడియారం చూపిస్తుంటే, ఇంట్లో ఇంకా సగం డబ్బా ఉన్న బట్టల సబ్బుపొడినీ, మాలో ఎవరూ వాడని ఒక తలనూనె సీసానూ కలిపి 340 రూపాయల సరుకు చేర్చాను. 2,540లో 300 పోగా 2,240 చెల్లించాను. ఆ రెండు అదనపు వస్తువులు లేకుండా అదే పట్టీకి మా వీధి చివరి కొట్టులో 2,260 అయ్యేదని తర్వాత అడిగితే తెలిసింది.

సరుకులు వచ్చిన మరునాడు మా ఆవిడ కందిపప్పు ప్యాకెట్ విప్పితే ముక్కిన వాసన వచ్చింది, పళ్లెంలో పోస్తే పురుగులు కనిపించాయి. రెండు కిలోల ఆ ప్యాకెట్ ధర 330 రూపాయలు. ఫొటోలు పెట్టి వాపసు కోరితే అభ్యంతరం చెప్పకుండా తీసుకెళ్లారు. కానీ తిరిగి వచ్చినది 30 రూపాయలు మాత్రమే. పప్పు తీసివేస్తే బిల్లు 2,210కి తగ్గిందనీ, అది 2,500కు తక్కువ కాబట్టి 300 తగ్గింపు రద్దయిందనీ, ఆ మొత్తాన్ని వాపసు సొమ్ములోనుంచి మినహాయించుకున్నామనీ వారి సమాధానం. ఆ 30 రూపాయలైనా మా బ్యాంకు ఖాతాకు రాలేదు. యాప్ వాలెట్‌లో పడ్డాయి, పదిహేను రోజుల గడువుతో, 999 రూపాయలకు పైబడిన మరో బిల్లులో మాత్రమే వాడుకోవాలన్న నిబంధనతో.

ఇందులో నాకు అన్యాయంగా తోచిన విషయం ఒక్కటే. కొనుగోలుదారు మనసు మార్చుకుని వస్తువు తిప్పి పంపితే తగ్గింపు రద్దు చేయడంలో కొంత అర్థం ఉంది. పాడైన సరుకు పంపినది అమ్మకందారు. వారి తప్పువల్ల బిల్లు తగ్గితే ఆ భారం మనమీద ఎందుకు పడాలి? ఈ షరతు ఆఫర్ ప్రకటనలో ఎక్కడా లేదు. "షరతులు వర్తిస్తాయి" అన్న చిన్న అక్షరాలను నొక్కితే తెరుచుకునే పేజీలో, పదకొండవ అంశంగా ఉంది. మళ్లీ కొట్టులో కందిపప్పు 310 పెట్టి కొనుక్కున్నాం. వాలెట్‌లోని 30 తీసివేసినా, ఆ నెల మా ఖర్చు 2,520కి చేరింది.

డబ్బు సంగతి అలా ఉంచి, ఆ తర్వాత జరిగినదాన్ని మరింత శ్రద్ధగా చదవమని కోరుతున్నాను. యాప్‌లోని చాట్‌లో ప్రతిసారీ ఒకే జవాబు రావడంతో విసిగి, మా ఆవిడ ఇంటర్నెట్‌లో ఆ సంస్థ కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేసింది. అవతలి వ్యక్తి చక్కని తెలుగులో, ఎంతో మర్యాదగా మాట్లాడి, మా ఆర్డరు వివరాలు మా నోటితోనే చెప్పించుకుని, 300 రూపాయలు వెంటనే పంపుతానన్నాడు. అందుకోసం మన తెర అతనికి కనిపించే ఒక యాప్ వేసుకోమన్నాడు. తర్వాత యూపీఐ తెరిచి, అతను పంపిన అభ్యర్థనకు పిన్ కొట్టమన్నాడు. అదృష్టవశాత్తు నేను పక్కనే ఉండి ఫోన్ తీసుకుని ఆపేశాను. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. వచ్చిన అభ్యర్థనకు పిన్ కొట్టామంటే మన ఖాతాలోనుంచి డబ్బు బయటికి వెళుతున్నట్టే. మా ఆవిడ బ్యాంకులో పనిచేసిన మనిషి, ఇవన్నీ తెలిసినదే. అయినా పది రోజులుగా 300 కోసం తిరిగి తిరిగి అలసిపోయి ఉన్నందున, సాయం చేస్తానన్న మొదటి గొంతును నమ్మింది. ఇటువంటి మోసంలో డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సంస్థ నంబరు కావాలంటే యాప్ లోపలినుంచో బిల్లు మీదనుంచో మాత్రమే తీసుకోండి.

అక్కడినుంచి సరైన దారిలో వెళ్లాం. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారి వివరాలు ప్రకటించాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. యాప్‌లో అట్టడుగున ఉన్న ఆ చిరునామాకు బిల్లు, పురుగుల ఫొటోలు, వాపసు వివరం జతచేసి రాశాను. తొమ్మిదవ రోజున మళ్లీ ఆ పదకొండవ అంశాన్నే చూపించారు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు, కన్నడం రాదని వెనకాడనవసరం లేదు. హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు, సంస్థకు ఫిర్యాదు పంపి జవాబు రాబడుతుంది. మా విషయంలో అంతే చాలింది. మొదటి ఫిర్యాదు చేసిన ఇరవై మూడవ రోజున మొత్తం 300 రూపాయలు బ్యాంకు ఖాతాలోనే పడ్డాయి. పడకపోయి ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాళ్లం. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫిర్యాదు రుసుము ఉండదు.

కొనేటప్పుడు తొందరపెట్టే గడియారాల గురించి కూడా ఒక మాట. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, కొనుగోలుదారులను తప్పుదారి పట్టించే 13 పద్ధతులను గుర్తించి మార్గదర్శకాలు ప్రకటించింది. లేని తొందరను కల్పించడం, మనం అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చివరి దశలో కొత్త రుసుములు చూపడం ఆ జాబితాలో ఉన్నాయి. మీకు ఇటువంటివి కనిపిస్తే తెర ఫొటో తీసి దాచుకోండి. మా ఫిర్యాదులో ఆ గడియారం ఫొటో లేకపోవడం పెద్ద లోటైంది. అలాగే పెద్ద ప్యాకెట్ చవక అని అనుకునే ముందు, దాని మీద ముద్రించే కిలో ధరను చిన్న ప్యాకెట్ ధరతో పోల్చి చూడండి. మేము కొన్న రెండు కిలోల కందిపప్పు, కిలో ప్యాకెట్ కంటే కిలోకు మూడు రూపాయలు ఎక్కువే పడింది.

గ్రూపులో నా సందేశం చూసి కొన్న నాలుగు ఇళ్లలో రెండు ఇళ్లవారికి ఇప్పటికీ వాలెట్‌లో వాపసు సొమ్ము నిలిచి ఉంది, గడువు ఈ శనివారంతో ముగుస్తుంది. దాన్ని వాడుకోవాలని మరో 999 రూపాయల సరుకు తెప్పించకండి. అసలు చెల్లించిన ఖాతాకే వాపసు కావాలని ఫిర్యాదుల అధికారికి ఈరోజే రాయండి. నేను రాసిన ఉత్తరం నకలు గ్రూపులో పెట్టాను, తేదీలూ బిల్లు నంబరూ మార్చుకుంటే సరిపోతుంది. రాయడం ఇబ్బందైనవారు సాయంత్రం ఏడు తర్వాత మా ఇంటికి వస్తే కూర్చుని రాసిపెడతాను.