ఇళ్లు, అద్దెల పజిల్‌కి లాజిక్ గ్రిడ్ షీట్ ఎంతవరకు పనికొస్తుంది?

ఏ ఇంట్లో ఎవరుంటారు, ఎంతమంది ఉంటారు, అద్దె ఎంత అని అడిగే పజిళ్ల కోసం మెట్ల ఆకారంలో గడులు అచ్చేసిన షీట్లు దొరుకుతాయి. వాటిలో సరిపోయిన జతకు టిక్కు, కుదరనిదానికి ఇంటూ పెడుతూ పోవాలి. షీట్ మంచిదే. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే పక్కిల్లు, అద్దె తేడా చెప్పే క్లూల దగ్గర పని ఆగిపోతుంది. ఒక పజిల్ పెట్టి చూస్తే విషయం తేలుతుంది.

వరసగా నాలుగు ఇళ్లు, ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4. టీచర్, డ్రైవర్, నర్స్, టైలర్ తలా ఒక ఇంట్లో ఉంటారు. అద్దెలు 4, 5, 7, 8 వేలు. ఒక్కో ఇంట్లో ఉండే మనుషులు 1, 2, 3, 4.

1. టీచర్ అద్దె డ్రైవర్ అద్దె కంటే 3 వేలు తక్కువ.
2. డ్రైవర్ ఇంటికి ఆనుకుని కుడివైపున టీచర్ ఇల్లు.
3. 4వ ఇంటి అద్దె 5 వేలు.
4. నర్స్ ఒక్కతే ఉంటుంది. అందరికంటే ఎక్కువ అద్దె ఆమెదే.
5. నర్స్, టైలర్ పక్కపక్క ఇళ్లవాళ్లు.
6. డ్రైవర్ ఇంట్లో కంటే టైలర్ ఇంట్లో ఒకరు ఎక్కువ.
7. 4వ ఇంట్లో ఉన్నది నలుగురు కాదు.

క్లూలు లేకుండా చూస్తే 13,824 అమరికలు సాధ్యం. షీట్‌లో మాత్రం ఉండేవి ఆరు బ్లాకులు (ఇల్లు, మనిషి, అద్దె, మనుషుల సంఖ్యల్లో ఏ రెండింటికైనా ఒక బ్లాకు), 96 గడులు. దాని బలం 4వ క్లూ దగ్గరే కనిపిస్తుంది. నర్స్–8 వేలు టిక్కు, నర్స్–ఒక్కరు టిక్కు. ఇక్కడితో ఆగకూడదు. ఒక్కరున్న ఇల్లే 8 వేల ఇల్లు కాబట్టి మనుషులు–అద్దె బ్లాకులో కూడా టిక్కు పడాలి. టిక్కు పెట్టిన ప్రతిసారీ ఆ అడ్డువరసలో మూడు, నిలువువరసలో మూడు ఇంటూలు పడతాయి. దీన్ని 3వ క్లూతో కలిపితే, 4వ ఇంటి అద్దె 5 కనుక నర్స్ 4వ ఇంట్లో లేదు. చాలామంది వదిలేసేది ఈ ఇంటూనే. ఒక బ్లాకులో తేలినదాన్ని మిగతా బ్లాకుల్లోకి మోయకపోతే షీట్ వాడి ఫలితం లేదు.

బలహీనత 1వ క్లూలో ఉంది. టీచర్ వరసలో 7, 8కి, డ్రైవర్ వరసలో 4, 5కి ఇంటూలు పెడతాం. మిగిలిన గడులు చూస్తే నాలుగు జతలు కుదిరేలా కనిపిస్తాయి. నిజానికి కుదిరేవి రెండే: 4–7 లేదా 5–8. ‘ఇది అయితేనే అది’ అనే మాట రాసుకోవడానికి గడుల్లో చోటు లేదు. అందుకే మార్జిన్‌లో ‘టీ–డ్రై: 4–7 / 5–8’ అని రాసుకోవాలి. 8 నర్స్‌కి పోయింది కాబట్టి డ్రైవర్ 7, టీచర్ 4. మిగిలిన 5 టైలర్‌ది, అంటే టైలర్ 4వ ఇంట్లో.

2వ క్లూ దగ్గర షీట్ ఇంకా చేతులెత్తేస్తుంది. టీచర్ 1లో లేదు, డ్రైవర్ 4లో లేడు, అంతే, రెండు ఇంటూలు. అదే కింద నాలుగు డబ్బాల వరస గీసి ‘డ్రై–టీ’ని ఒకే ముక్కలా జరిపితే 1–2, 2–3, 3–4 అని మూడే చోట్లు. చివరి డబ్బా టైలర్‌ది కాబట్టి మూడోది పోతుంది. నర్స్ 1లో గానీ 3లో గానీ ఉండాలి. 5వ క్లూ 3 అని తేలుస్తుంది. వరస: డ్రైవర్, టీచర్, నర్స్, టైలర్. డ్రైవర్, టైలర్ ఇళ్లలో మనుషులు 2–3 లేదా 3–4. 7వ క్లూతో 2–3 మిగులుతుంది, నలుగురున్నది టీచర్ ఇల్లు.

1962 డిసెంబర్ 17న లైఫ్ ఇంటర్నేషనల్ పత్రికలో వచ్చిన జీబ్రా పజిల్‌లోనూ ఇదే పరిస్థితి. ఐదు ఇళ్లు, ఒక్కో ఇంటికి రంగు, మనిషి దేశం, పెంపుడు జంతువు, పానీయం, సిగరెట్ అని ఐదు అంశాలు. (5!)^5 అంటే 2,488 కోట్లకు పైగా అమరికలు. ఐదు ఇళ్లున్నాయని చెప్పే మొదటి వాక్యం తీసేస్తే 14 క్లూలు. ఎనిమిది నేరుగా జత కలిపేవి, రెండు ఇంటి స్థానం చెప్పేవి. ఇవి గ్రిడ్‌లో హాయిగా కూర్చుంటాయి. మిగతా నాలుగు పక్కింటి క్లూలు. అవి తేలాలంటే డబ్బాల వరస ఉండాల్సిందే.

ఆ సైజు పజిల్‌కి 15 బ్లాకులు, 375 గడులు కావాలి. 7 మిల్లీమీటర్ల గడులైతే అడ్డంగా 25 గడులకే 175 మిల్లీమీటర్లు, పేర్లకు ఇంకో 30. ఎ4 కాగితం వెడల్పు 210. అంచు మిగలదు, రాసుకోవడానికి చోటుండదు. 6 మిల్లీమీటర్ల గడులున్న షీట్ తీసుకోండి. కింద డబ్బాల వరస కూడా అచ్చేసి ఉంటే కళ్లు మూసుకుని అదే ఎంచుకోవచ్చు.

టైమ్ పెట్టి రాసే పరీక్షల్లో గ్రిడ్ మొత్తం గీయకండి, డబ్బాల వరస చాలు. క్లూ చదివేటప్పుడు ఒక్క మాట జారితే లెక్క మారిపోతుంది: నాలుగు ఇళ్లలో ‘ఆనుకుని కుడివైపున’ అంటే 3 చోట్లు, ఉత్త ‘కుడివైపున’ అంటే 6. ఊహించి రాయక తప్పకపోతే అక్కడి నుంచి వేరే రంగు పెన్సిల్ వాడండి. ఊహ తప్పితే ఆ రంగు ఒక్కటే చెరిపేయొచ్చు.