మెరియం-వెబ్‌స్టర్ ఆన్‌లైన్ నిఘంటువు: ‘ట్రిస్కైడెకఫోబియా’ పుట ఎలా ఉంది?

పదమూడు సంఖ్య అంటే కలిగే విపరీత భయాన్ని ‘ట్రిస్కైడెకఫోబియా’ అంటారు. ఇటువంటి పొడవాటి పదాలను తడబడకుండా పలకాలనుకునే వైద్య, నర్సింగ్ విద్యార్థులకు మెరియం-వెబ్‌స్టర్ ఉచిత ఆన్‌లైన్ నిఘంటువును నిస్సంకోచంగా సూచిస్తాను.

ఆ పుటలో పదాన్ని చిన్న అడ్డగీతలతో ట్రిస్-కై-డె-క-ఫో-బి-అ అని ఏడు అక్షరాలుగా విడగొట్టారు. గట్టి ఊనిక పడే, అంటే ఎక్కువ నొక్కి పలికే అక్షరానికి ముందు పైభాగాన, తేలిక ఊనిక పడేదానికి ముందు అడుగున నిలువు గుర్తు ఉంటుంది. పై గుర్తు ‘ఫో’ ముందు ఉంది. తెలుగులో ఊనికను బట్టి అర్థం మారదు గనుక మనం అన్ని అక్షరాలనూ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. అందువల్ల ఈ ఒక్క గుర్తు మనకు ఎంతో మేలు చేస్తుంది. అగోరాఫోబియా, క్లాస్ట్రోఫోబియా, హైడ్రోఫోబియా పదాలలోనూ గట్టి ఊనిక ‘ఫో’ మీదే పడుతుంది. పక్కనున్న స్పీకర్ గుర్తును నొక్కితే పదం వినిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది వ్యుత్పత్తి భాగం. త్రేయిస్ అంటే మూడు, కై అంటే ‘మరియు’, దెక అంటే పది అని అక్కడ విడివిడిగా చూపారు. ప్రాచీన గ్రీకులు పదమూడును ‘మూడూ పదీ’ అని చెప్పారన్నమాట. ఆధునిక గ్రీకులో వరుస తిరగబడి, మన పదమూడు లాగే పది ముందుకు వచ్చి ‘దెకత్రియా’ అయింది. ఇక భయమనే అర్థమున్న ‘ఫోబోస్’ తొలి హల్లు ప్రాచీన కాలంలో ఊపిరి కలిసిన ‘ప’, అంటే మన వర్ణమాలలోని అసలైన ‘ఫ’. అది తరువాత ఆంగ్ల ‘ఎఫ్’ ధ్వనిగా మారింది. ‘ఫలం’ అనే మాటను నేడు చాలామంది పలికే తీరులోనూ ఇదే మార్పు కనిపిస్తుంది.

అయితే ఊనిక ‘ఫో’ మీదే ఎందుకు పడుతుందో ఆ పుట వివరించదు. గ్రీకులో హైడ్రోఫోబియాకు మూలమైన మాటను పలికేటప్పుడు ఊనిక ‘బి’ స్థానంలో ఉంటుంది. చివరినుంచి రెండో అక్షరం హ్రస్వమైతే మూడోదాని మీద ఊనిక పడాలన్న లాటిన్ నియమం వల్ల ఆంగ్లంలో అది ‘ఫో’ మీదికి జరిగింది. ఈ సంగతి ఒక్క వాక్యంలో చేర్చినా విద్యార్థికి ప్రతి ఫోబియా పదాన్నీ విడిగా వెతకవలసిన అవసరం తప్పేది. ఉచిత సేవ గనుక పుటలో ప్రకటనలు ఉంటాయి, వివరణ అంతా ఆంగ్లంలోనే ఉంటుంది. ముందు వ్యుత్పత్తి చదివి, ఆ తరువాత ఆడియో వినడం మంచిది. ముక్కల అర్థం తెలిశాక ఏడు అక్షరాలూ వరుస తప్పకుండా నోటికి వస్తాయి.