హాన్లేలో రెండు రాత్రులు, రెండు రకాల చీకటి

లద్దాఖ్‌లోని లేహ్ నుంచి, నక్షత్రాలు చూడటానికి పేరున్న హాన్లే ఊరికి చుమథాంగ్, న్యోమా మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. పగలంతా ప్రయాణమే. ఊరు దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి లేహ్‌లో మూడు రోజులైనా ఆగి వెళ్లండి. లేకపోతే నక్షత్రాల బదులు తలనొప్పి మిగులుతుంది. అనుమతి పత్రం ముందే తీసుకోవాలి. సెప్టెంబరులో, అమావాస్యకు సరిపోయేలా వెళ్లాం.

మొదటి రాత్రి ఊరికి కాస్త దూరంలో గుడారాల బస. మెత్తటి పరుపులు, వేడి నీళ్లు, ఏ లోటూ లేదు. కానీ గుడారాల చుట్టూ పెళ్లి పందిరిలా తెల్లని దీపాల తోరణాలు! ఆర్పమంటే, అతిథులకు అవే ఇష్టమన్నారు. ఆకాశం కోసం ఇంత దూరం వచ్చింది మరి ఎవరో!

మర్నాడు ఊళ్లోని ఒక ఇంటికి మారాం. అద్దె సగమే, వేడి థుక్పా (నూడుల్స్ సూప్) కూడా అందులోనే. స్నానాల గది ఆరుబయట, నీళ్లు బకెట్‌తో. కిటికీలకు మందపాటి తెరలు, గుమ్మం దీపానికి వెలుగు కిందికే పడేలా తొడుగు. నేను తలుపు తెరిచి నిలబడితే ఇంటి అమ్మ వచ్చి మూసేసింది. చలి లోపలికి వస్తుందని కాదు, వెలుగు బయటికి పోతుందని!

కొండ మీద భారత ఖగోళ భౌతిక సంస్థ వారి 2 మీటర్ల టెలిస్కోపు ఉంది. దాని కోసం, ఊరి బతుకుతెరువు కోసం 2022 డిసెంబరులో ఇక్కడ 1,073 చదరపు కిలోమీటర్ల మేర చీకటి ఆకాశ రక్షిత ప్రాంతాన్ని, అంటే రాత్రి వెలుగులను అదుపులో ఉంచే ప్రాంతాన్ని, ప్రకటించారు. చుట్టుపక్కల పల్లెల నుంచి 24 మందికి శిక్షణ ఇచ్చి టెలిస్కోపులు అప్పగించారు. వారిలో ఎక్కువమంది మహిళలే. మాకు ఆకాశం చూపించిన అమ్మాయి ముందుగా ఫోన్లు జేబులో పెట్టించి, అరగంట ఊరికే కూర్చోబెట్టింది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ధనుస్సు వైపు పాలపుంత పొగలా పైకి లేచింది. ఆండ్రోమెడా గెలాక్సీ మామూలు కంటికే మసక మచ్చలా కనిపించింది. ఇంతలో ఒక కారు పెద్ద లైట్లతో మలుపు తిరిగింది. మళ్లీ అరగంట నిరీక్షణ.

హైదరాబాద్ దగ్గర జపాల్–రంగాపూర్‌లో ఉస్మానియా వారి 48 అంగుళాల టెలిస్కోపు గుర్తొచ్చింది. అక్కడికి నగరం వెలుగు ఎలా చేరిందో మనకు తెలుసు.

లేహ్‌కు తిరిగొచ్చాక గుడారాల వారు అభిప్రాయం అడుగుతూ సందేశం పంపారు. దీపాల తోరణాల గురించి రాశాను. ఇంకా జవాబు రాలేదు.