బరంపురం – ఇచ్ఛాపురం వైపు ట్రాక్టర్ తోటమట్టి: ఏ లోడు దించుకోవాలి, ఏది వెనక్కి పంపాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, ఆంధ్రలోని ఇచ్ఛాపురం చుట్టుపక్కల తోటలకూ లాన్‌లకూ లోడు లెక్కన దొరికే మట్టి నాలుగు రకాలు. కొండ అంచున జేసీబీతో తవ్విన ఎర్రమట్టి, ఎండాకాలంలో చెరువుల నుంచి తీసిన పూడిక, ఇల్లు కట్టబోయే స్థలంలో పునాదికి ముందు గీకిన పైమట్టి, నర్సరీలు కలిపి అమ్మే మిశ్రమం. అమ్మేవాళ్లు నాలుగింటినీ తోటమట్టి అనే అంటారు. లాన్‌కీ మడులకీ నమ్మి కొనదగ్గది మూడోది. చెరువు మట్టి కలుపుకోవడానికి మంచిది, ఒక్కదాన్నే వేస్తే నష్టం. నర్సరీ మిశ్రమం కుండీల వరకే. ఎర్రమట్టి ఎత్తు పెంచడానికి తప్ప మొక్కకు పనికిరాదు.

ముందు ఎర్రమట్టి సంగతి, ఎందుకంటే వివరం చెప్పకుండా "ఒక లోడు మట్టి" అంటే వచ్చేది ఇదే. రంగు ముచ్చటగా ఉంటుంది, సులువుగా పరుచుకుంటుంది. కానీ అది నేల లోపలి పొర. ఆకులూ వేళ్లూ కుళ్లి సారం చేరేది పైనున్న ఆరు నుంచి ఎనిమిది అంగుళాల్లోనే. లోతున తవ్విన మట్టిలో ఆ సారం ఉండదు. పైగా ఇందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మనం వేసిన భాస్వరాన్ని పట్టేసుకుని వేళ్లకు అందనివ్వవు. ఆమ్లగుణం కూడా ఎక్కువ. దీనిమీద వేసిన గడ్డి వానాకాలమంతా పచ్చగానే ఉంటుంది. వేళ్లు పై అంగుళం దాటి దిగవు కాబట్టి మార్చి వచ్చేసరికి మచ్చలు మచ్చలుగా పండిపోతుంది. యూరియా చల్లితే కొన్నాళ్లు తేరుకుని మళ్లీ అదే దారి. గేటు దగ్గర పల్లం పూడ్చడానికి, నడకదారి కింద, అడుగున్నర ఎత్తు లేపాల్సిన చోట కింది పొరగా వాడితే మాత్రం ఇది మంచి సరుకే. పై అడుగులో వద్దు. ఒడియా డ్రైవర్లు దీన్నే మొరం అంటారు, వాళ్లతో మాట్లాడేటప్పుడు "మొరం వద్దు" అని ముందే చెప్తే సగం గొడవ తప్పుతుంది.

చెరువు పూడిక నల్లగా, జిగురుగా, చూడగానే నచ్చేలా ఉంటుంది. అందులో బంకమట్టి పాలు ఎక్కువ. ఒక్కదాన్నే ఆరంగుళాలు పరిస్తే వానలో నీళ్లు దిగవు, ఏప్రిల్‌లో వేలు పట్టేంత నెర్రెలు విచ్చి గడ్డి వేళ్లను తెంపేస్తాయి. తోటమట్టిలో నాలుగో వంతుకు మించకుండా కలిపితే తేమను నిలుపుతుంది, ఎరువును కొట్టుకుపోనివ్వదు. తడిగా వచ్చిన లోడులో మీరు డబ్బిచ్చి కొనేది చాలావరకు నీళ్లే. నీలం బూడిద రంగులో, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటే గాలి తగలని అడుగు బురద అని అర్థం. దాన్ని అరడుగు మందాన పరిచి రెండు మూడు వారాలు ఎండబెట్టి, పెళ్లలు కొట్టాకే కలపాలి.

పూడికతో అసలు భయం తుంగ. పెళ్ల విరిచి చూడండి. నల్లటి చిన్న గడ్డలు తీగల్లాంటి దారాలతో ఒకదానికొకటి తగులుకుని కనిపిస్తే ఆ లోడు ఎంత చవకైనా వద్దు. లాన్‌లో పడ్డ తుంగను పీకితే పైమొక్క తెగి వస్తుంది, లోపల నిద్రలో ఉన్న గడ్డలు లేచి రెండింతలు మొలుస్తాయి. జల్లెడ పట్టినా చిన్న గడ్డలు జారిపోతాయి. తక్కిన ఏ లోపాన్నయినా దిద్దుకోవచ్చు, దీన్ని దిద్దుకోవడం ఏళ్ల తరబడి పని.

సముద్రం వైపు ఇంకో జాగ్రత్త. గంజాం జిల్లాలో హుమ్మ, శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉప్పు పండే నేలలు. అలాంటి చోట్ల, ఉప్పుటేరుల పక్కన తీసిన మట్టి ఎంత నల్లగా ఉన్నా కొనకండి. గుప్పెడు మట్టిని తడిపి ఎండలో ఆరబెట్టండి. పైన తెల్లటి పొర తేలితే ఉప్పున్నట్టే. ఇంకా గట్టి పరీక్ష పెసలతో చేయొచ్చు. ఒక కుండీలో ఆ మట్టి, ఇంకోదాంట్లో మీ పెరటి మట్టి వేసి పదేసి గింజలు నాటితే వారంలో తేలిపోతుంది. కొత్త మట్టిలో మొలకలు సగమే వచ్చినా, ఆకు కొసలు మాడినా ఉప్పో కలుపు మందో ఉన్నట్టు. ఈ వారం ఆగడానికి ఒప్పుకుని, ముందుగా ఒక సంచి నమూనా ఇచ్చే అమ్మకందారుడు ధర కాస్త ఎక్కువ చెప్పినా అతని దగ్గరే కొనాలి.

ఇళ్ల స్థలాల పైమట్టి అన్నిటికన్నా మెరుగు. బరంపురం చుట్టూ లేఅవుట్లుగా మారుతున్న మెట్ట భూముల్లో పై ఆరు అంగుళాలు ఎలాగూ కాంక్రీటు కింద పోతాయి, తెచ్చుకుంటే ఎవరి పంటకూ నష్టం లేదు. పంట పొలం గీకి అమ్మే మట్టి కూడా గుణంలో ఇంతే ఉంటుంది, కానీ ఆ సారం తిరిగి రావడానికి రైతుకు ఎన్నో ఏళ్లు పడుతుంది. అది అడగకపోవడమే న్యాయం. వంగ, టమాటా, బెండ వరసగా పండించిన చోటి మట్టయితే వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగు కూడా వెంట వస్తుంది. మంచి పైమట్టి గోధుమ రంగులో ఉండి, సన్న వేళ్ల ముక్కలు, అక్కడక్కడ వానపాములు కనిపించాలి. వాన పడ్డప్పటి వాసన రావాలి. ఇటుక ముక్కలు, గాజు, తెల్లటి ఉండలు ఉంటే నిమ్మరసం పిండండి. పొంగితే అది కూల్చిన ఇంటి సున్నం, సిమెంటు. అలాంటి మట్టి క్షారగుణానికి మొక్కలు పాలిపోతాయి.

నర్సరీ మిశ్రమం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మట్టి, కొబ్బరి పొట్టు, పశువుల గత్తం కలిపి ఇస్తారు. ఉద్దానం కొబ్బరి దగ్గరే ఉండడం వల్ల పొట్టు పాలు ఎక్కువ ఉంటుంది, కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. లాన్‌కు వేస్తే ఏడాదిలో పొట్టు కుళ్లి నేల దిగిపోతుంది. ఆన్‌లైన్ సంచులు అసలు లెక్కలోకే రావు. మట్టి ఎక్కువున్న పది కిలోల సంచిలో పావు ఘనపుటడుగు ఉంటుంది, చిన్న లాన్‌కే వందల సంచులు కావాలి.

దించకముందు చేయాల్సిన పరీక్ష రెండు నిమిషాల పని. ట్రాలీ పైనుంచి కాదు, పక్క పలక దగ్గర లోపలినుంచి గుప్పెడు తీసి తడిపి ఉండ చేయండి. బొటనవేలితో చూపుడు వేలి మీదుగా రిబ్బనులా నెట్టండి. అంగుళం లోపే తెగితే లాన్‌కు సరైన గరప, అంటే ఇసుక, ఒండ్రు, బంక తగుపాళ్లలో కలిసిన మట్టి. రెండు అంగుళాలు దాటి సాగితే బంకమట్టి. ఉండే కట్టకపోతే ఇసుక. నమూనా ముందే దొరికితే సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చెంచాడు సబ్బుపొడి వేసి బాగా గిలక్కొట్టి కదపకుండా ఉంచండి. ఇసుక నిమిషంలో, ఒండ్రు రెండు గంటల్లో అడుక్కి చేరుతుంది. బంక దిగడానికి ఒక రోజో ఇంకా ఎక్కువో పడుతుంది. సగం ఇసుక, బంక అయిదో వంతు లోపు అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

కొలత దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. ట్రాలీ నిండా అంటే వంద ఘనపుటడుగులని చెప్తారు. లోపలి కొలతలు తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తయితే మట్టానికి నిండినా 74 అడుగులే. టేపు పెట్టి కొలిచి, లోడు ధరను ఘనపుటడుగు ధరగా మార్చి ఇద్దరు ముగ్గురిని పోల్చండి. బరువు లెక్కన కొనొద్దు. పొడి మట్టి ఘనపుటడుగు 35 నుంచి 40 కిలోలు, తడిసింది 50 వరకూ తూగుతుంది. సందుల్లో ట్రాక్టర్ దూరని ఇళ్లకు టాటా ఏస్‌లో తెస్తారు. దాని మోత బరువుకు ఇరవై ఘనపుటడుగుల మట్టే ఎక్కువ, ఒక ట్రాలీ మట్టికి నాలుగు ట్రిప్పుల కిరాయి పడుతుందని ముందే లెక్క వేసుకోండి.

ఎంత కావాలో తేల్చడం సులువు. చదరపుటడుగులను అంగుళాల మందంతో గుణించి 12తో భాగించండి, పరిచాక మట్టి అణిగే దిగుడుకు అయిదో వంతు కలపండి. 20 అడుగులకు 20 అడుగుల లాన్ ఆరంగుళాల మందాన 200, దిగుడు కలిపితే 240 ఘనపుటడుగులు. ఉన్న నేల ఓ మోస్తరుగా ఉంటే రెండున్నర అంగుళాలు చాలు, దిగుడుతో కలిపి వంద. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు కూరగాయల మడికి దిగుడుతో 36. గోపాలపురం, సోంపేట వైపు ఇసుక నేలల్లో లెక్క వేరు. అక్కడ మట్టి కొని పైన పరచడం దండగ. 400 చదరపుటడుగులకు 67 ఘనపుటడుగుల ఎండిన చెరువు మట్టి తెచ్చి రెండంగుళాలు పరిచి, కింది ఆరంగుళాల ఇసుకలోకి కలియదున్నితే సగం ఖర్చులో మంచి నేల తయారవుతుంది.

తెప్పించుకోవడానికి మార్చి నుంచి మే నెలాఖరు వరకే సరైన కాలం. తొలకరి తర్వాత మట్టి తడి బరువు, టైర్లు దిగబడి పెరడంతా గట్టిపడుతుంది, బంక ముద్దలు విడవవు. నింపే పనులకు వాడే మామూలు మట్టిని కేంద్రం 2000 ఫిబ్రవరిలో చిన్న ఖనిజాల జాబితాలో చేర్చింది. ఒడిశాలో చిన్న ఖనిజాల నిబంధనలు 2016 నాటివి, రవాణాకు వై-ఫారం అనే అనుమతి పత్రం చూపించాలి. ఆ కాగితం ఉందా అని బేరానికి ముందే అడగండి. దారిలో బండి ఆపితే మీ పని ఆగిపోతుంది. పాతిక కిలోమీటర్లే కదా అని బరంపురం మట్టిని ఇచ్ఛాపురం తెప్పించడం కంటే ఏ రాష్ట్రం ఇంటికి ఆ రాష్ట్రం మట్టి కొనడమే చిక్కులేని పని.

పరిచేటప్పుడు జరిగే తప్పుల్లో పెద్దది పాత నేలను గట్టిగా వదిలేసి దానిమీద కొత్త మట్టి పోయడం. రెండు పొరల మధ్య నీళ్లు ఆగిపోతాయి, వేళ్లు అక్కడే మలుపు తిరుగుతాయి. పాత నేలను తొమ్మిది అంగుళాలు తవ్వి, మొదటి రెండంగుళాల కొత్త మట్టిని దాంట్లో కలిపి, మిగతాది మూడేసి అంగుళాల పొరలుగా వేసి ప్రతి పొరనూ నీళ్లతో దిగనివ్వాలి. తడి మట్టిమీద రోలర్ తిప్పకండి. వంద చదరపుటడుగులకు 50 కిలోల మాగిన గత్తం పై పొరలో కలపండి. కుప్పలో చెయ్యి పెడితే వేడి, ఘాటు వాసన తగిలితే అది మాగనట్టే, వేరుపురుగులూ కలుపు గింజలూ దాంతోనే వస్తాయి. సున్నం మాత్రం పరీక్ష చూశాకే. ఆమ్లం ఉంది కదా అని ఊహించి చల్లొద్దు, గత్తంతో కలిపి అసలే వద్దు, మధ్య రెండు వారాలు ఎడం కావాలి. ఆముదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట మట్టి పరీక్ష చేయించుకుని ఉదజని సూచిక (pH), లవణాలు, సేంద్రియ కర్బనం మూడూ చూడండి. కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే బాగున్నట్టు.

మట్టి మట్టం గోడ ప్లింతుకు, అంటే ఇంటి పునాది పై అంచుకు, ఆరంగుళాలు కిందే ఉండాలి, లేకపోతే గోడకు చెమ్మ, చెదలు. ఇంటి నుంచి బయటికి నూరడుగులకు అడుగు వాలు ఇవ్వండి. మామిడి మొదలు చుట్టూ మట్టి పోగు చేయొద్దు, బెరడు కుళ్లుతుంది. పరిచాక వెంటనే గడ్డి నాటకుండా ఒకసారి తడిపి, పది పదిహేను రోజుల్లో మొలిచిన కలుపును తీసి, వీలైతే ఇంకోసారి అలాగే చేస్తే తర్వాత ఏడాది పొడుగునా కలుపు పని తగ్గుతుంది. జూన్ చివర, జూలైలో నాటిన గడ్డి అక్టోబరు తుపానులకు ముందే అల్లుకుంటుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే ఈ తీరాన్ని తాకాయి. అల్లుకోని లాన్ మీద అంత వాన పడితే పైమట్టి కాలువ పాలవుతుంది.

కొన్న మట్టిలో పది ఘనపుటడుగులు టార్పాలిన్ కింద దాచి పెట్టుకోండి. వానలు తగ్గాక లాన్‌లో దిగిన గుంతలు బయటపడతాయి. వాటిని ఒకేసారి నింపితే గడ్డి ఊపిరాడక చస్తుంది. అరంగుళం చొప్పున వేసి, గడ్డి మొనలు పైకి తేలాక మళ్లీ అరంగుళం వేయాలి. దీనికి వేరే లోడు మట్టి వాడితే నీరు దిగే తీరు మారి ఆ చోట మచ్చగా మిగిలిపోతుంది.